వెచ్చబడేదాకా

కెమి రేవులో సముద్రం గట్టిపడ్డాక
నా పడవ ఇంజనుకి పనిలేదు, నాకూ లేదు.
సావునా ముందుగదిలో బల్ల వేసుకుని కూచున్నాను,
ఒక చిన్న కూతకి మాట వినడం నేర్పుదామని.

కూతే అది. స్వరం అనడానికి ఇంకా నోరు రాదు.
ఒక వోల్టు పెంచితే సరిగ్గా రెట్టింపు కావాలి,
ఇంకో వోల్టుకి ఇంకో రెట్టింపు.
చెప్పడానికింతే.
కింది మెట్ల మీద నిజాయితీగానే ఉంటుంది.
నాలుగో మెట్టుకి ఆయాసం.
ఐదోది అందకుండానే అందిందని బొంకుతుంది.

మొదటి వారం సోల్డరింగుని తిట్టాను.
రెండో వారం తెలిసింది, దోషిని నేనే.
ట్రాన్సిస్టరు మీద వేలు పెడితే జారుతోంది,
వంగి చూస్తూ ఊపిరి వదిలితే జారుతోంది,
పక్కగదిలో పొయ్యి రాజేస్తే
ఎవరూ పిలవకుండానే లేచిపోతోంది.

నలభై ట్రాన్సిస్టర్లు తెప్పించాను.
ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లా ఉన్నాయి చూడ్డానికి.
వేళ్ల వేడి సోకకుండా
బట్టల క్లిప్పుతో పట్టుకుని కొలిచి
చేపల లెక్కలు రాసే పుస్తకంలో, సాల్మన్ బాకీల కింద,
ఒక్కొక్కదాని గుణం రాసుకున్నాను.
పదిహేడోదీ ముప్పైనాలుగోదీ
వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి.
మొహాలు ఆనించి అతికించాను.
వేడితోపాటు బిగుసుకునే రెసిస్టరొకటి
వాటి నెత్తిన పడుకోబెట్టి
పాత ఉన్ని తొడుగు బొటనవేలు కత్తిరించి
టోపీలా తొడిగాను.
ఇది జారినంతా అది ఆపుతుంది.
తప్పుకి తప్పే తూకపురాయి.

తర్వాత శ్రుతిదండం.
బడి పియానో వేలంలో ఎవరూ అడగని ముక్క.
మోకాలికి కొట్టి పళ్ల మధ్య పెట్టుకుంటే
దవడ ఎముకలో మోగుతుంది, చేతులు ఖాళీగా ఉంటాయి.
రెండు స్వరాలూ కొట్టుకుంటాయి: ఊ ఊ ఊ.
స్క్రూ పావు వంతు: ఊ... ఊ...
ఇంకో పిసరు. ఇప్పుడు ఊపుకీ ఊపుకీ మధ్య
తీరిగ్గా దగ్గొచ్చేంత జాగా.
పైన కుదిరిందని కిందికొస్తే కింద చెడింది.
పొడుగు మనిషికి పొట్టి దుప్పటి.
ఇరవై రెండు సార్లు లాగాను, తలకీ కాళ్లకీ.

పైమెట్టు నీరసం మాత్రం వేరే జబ్బు.
కెపాసిటరు గిన్నె నిండగానే బోర్లుతుంది, మళ్లీ నిండుతుంది.
బోర్లడానికి పట్టే రెప్పపాటుని
ఎవరూ లెక్కలో వెయ్యలేదు.
మందంగా పాడేటప్పుడు అది కనబడదు,
సెకనుకి నాలుగు వేలసార్లు బోర్లినప్పుడు
చిల్లర బాకీలన్నీ కలిసి మీద పడతాయి.
గోరంత రెసిస్టరు పెట్టి ఆ బాకీ ముందే కట్టేశాను.

నిన్న పొయ్యి భగభగ మండించాను. ముప్పైరెండు డిగ్రీలు.
వీధి తలుపు బార్లా తీశాను. సున్నాకి కింద ఇరవైనాలుగు.
పళ్ల మధ్య దండం, కళ్లలో నీళ్లు.
కూత ఒకసారి తడబడింది,
నిలబడింది.

"హిల్కా! పొయ్యి వేసి తలుపు తీసిపెడతావా,
బయటి ఊరంతా కాచుకోడానికా?"
ఓస్మో. మంచు మీద స్లెడ్జి లాక్కుంటూ,
దాని మీద దుప్పట్లో అకార్డియన్.
మంచు దులపకుండానే ఒక స్వరం లాగాడు,
నేను నాది మోగించాను.
ఊ ఊ ఊ ఊ ఊ.
"నీ డబ్బాదే తప్పు," అన్నాడు.
స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను,
అరవై ఏళ్ల పెట్టెతో వాదన ఎందుకని.
అప్పుడు చూశాను, దాని తిత్తి మడతల మూలల్లో
తెల్లగా పేరుకున్న నూగు.

స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.
"మరీ దగ్గర పెట్టకు, మైనం కరుగుతుంది," అన్నాడు.
పొయ్యికి రెండు గజాల దూరంలో బెంచీ మీద పెట్టాం దాన్ని.
కాఫీ అయిపోయింది. రెండోసారీ అయిపోయింది.
ఉండుండి అతను వంగి ఒక్క స్వరం లాగుతాడు,
నేను తల అడ్డంగా ఊపుతాను.
ఊ... ఊ...
ఇంకా కాలేదు.